నల్ల చందువ ఎవరి చుట్టం?

రాణిపేట జిల్లాలోని కావేరిపాక్కానికి పేరు తెచ్చింది అక్కడి చెరువు. పల్లవుల కాలం నాటిదని చెప్పే ఆ చెరువును పాలారు ఆనకట్ట దగ్గర మొదలయ్యే కాలవ నింపుతుంది. సముద్రం అక్కడికి దాదాపు 100 కిలోమీటర్ల దూరం. ఆ ఊరి నుంచి వేలూరు, గుడియాత్తం దాకా ఎక్కడ చేపలు కొనబోయినా సరుకు ముందు రెండుగా విడిపోతుంది: చెరువు చేప, సముద్రపు చేప. ఒక పక్క కొర్రమీను, శీలావతి, బొచ్చె, జెల్ల, జిలేబి చేప. ఇంకో పక్క మంచుగడ్డల మధ్య వచ్చిన వంజరం, సొర, కానాగుర్త, పార, ఆ ప్రాంతంలో తెలుగువాళ్లు కూడా వవ్వాలు అనే చందువ. కొనేవాళ్ల నోటికి, బేరానికి, పులుసుకి ఈ విభజన సరిగ్గా సరిపోతుంది. చేపల చుట్టరికానికి మాత్రం అది ఏమాత్రం సరిపోదని ఈ అధ్యాయంలో నా వాదన. చెరువులోని కొర్రమీను, తన పక్కనే ఈదే శీలావతి కన్నా, తానెన్నడూ చూడని సముద్రంలోని నల్ల చందువకు దగ్గరి చుట్టం. అంతకన్నా ఆశ్చర్యం ఇంకోటుంది. నల్ల చందువకు తెల్ల చందువ కన్నా ఈ కొర్రమీనే దగ్గర. ఈ మాట నమ్మాలంటే పైరూపం వదిలి చేప లోపలికి చూడాలి.

మొదటి సాక్ష్యం తినే కంచంలోనే దొరుకుతుంది. శీలావతి ముక్క తినేటప్పుడు వేళ్లకు తగిలే సన్నని ముళ్లలో చాలావాటికి కొస పంగలా చీలి ఉంటుంది. అవి పక్కటెముకలు కావు, వెన్నెముకకు అతుక్కుని ఉండవు. చేప కండ పొరలు పొరలుగా ఉంటుందని వండిన ముక్కను విరిస్తే ఎవరికైనా కనిపిస్తుంది. ఆ పొరల మధ్య ఉండే పలుచని కణజాలం అక్కడక్కడా నేరుగా ఎముకగా గట్టిపడితే ఈ ముళ్లు తయారవుతాయి. బొచ్చెలోనూ ఇవే, గోదావరి పులసలో మరీ ఎక్కువ. వంజరంలో, చందువలో, పారలో ఇవి మనిషి పట్టించుకునేంతగా ఉండవు. చెరువులో పుట్టి పెరిగే కొర్రమీనులోనూ ఉండవు. పిల్లలకు భయం లేకుండా పెట్టొచ్చని కొర్రమీనుకు అంత ధర పలకడానికి ఇది ఒక కారణం. 1952లో మన దేశానికి తెచ్చిన ఆఫ్రికా జిలేబి చేప సంగతీ అంతే. అంటే ముళ్లను బట్టి చూస్తే గీత చెరువుకూ సముద్రానికీ మధ్య పడటం లేదు. చెరువు చేపల్లో కొన్ని సముద్రపు చేపల పక్కకు వెళ్తున్నాయి, సముద్రం నుంచి నదికి ఎదురెక్కే పులస శీలావతి పక్కకు వస్తోంది.

ఒకటి లేకపోవడం కూడా సాక్ష్యమేనా అని ఇక్కడ ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. పాముకు కాళ్లు లేవు, వానపాముకూ లేవు, అంతమాత్రాన అవి చుట్టాలు కావు. ఉన్నది పోవడం వేర్వేరు వంశాల్లో వేర్వేరుగా జరగగలదు. అందువల్ల ముళ్లు అనుమానాన్ని రేపుతాయి గాని తీర్పు చెప్పలేవు. తీర్పుకు, ఒకదానికొకటి సంబంధం లేని లక్షణాలు చాలా కలిసి రావాలి. కొర్రమీను పొట్ట రెక్కలు చూడండి. శీలావతికి ఆ జత నడిపొట్ట దగ్గర ఉంటుంది. కొర్రమీనుకు పక్క రెక్కలకు కాస్త వెనకగా, రొమ్ము కిందికి జరిగి ఉంటుంది. పండుగప్పకు, పారకు, చాలా సముద్రపు చేపలకు కూడా అది రొమ్ము కిందే. గాలితిత్తి సంగతి చూడండి. శీలావతికి గాలితిత్తి నుంచి గొంతులోకి సన్నని గొట్టం ఒకటి ఉంటుంది, కొర్రమీనుకు ఆ దారి మూసుకుపోయింది. ముళ్లు పోవడానికీ, రెక్కలు ముందుకు జరగడానికీ, గొట్టం మూసుకుపోవడానికీ ఒకదాంతో ఒకదానికి పని లేదు. మూడూ ఒకేచోట కలిసి కనిపించాయంటే ఒకే పూర్వీకుడి నుంచి వచ్చాయనడమే తేలికైన సమాధానం.

పొట్ట రెక్కల విలువ మొదట గుర్తించిన వాళ్లలో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఒకడు. 1758లో తన గ్రంథం పదో కూర్పులో చేపల్లో చాలావాటిని ఆ రెక్కలు ఎక్కడున్నాయన్న దాన్ని బట్టి నాలుగు వర్గాలు చేశాడు: అసలు లేనివి, గొంతు కింద ఉన్నవి, రొమ్ము కింద ఉన్నవి, పొట్ట మీద ఉన్నవి. లక్షణం మంచిదే, కానీ ఒక్క దాని మీదే ఇల్లంతా కట్టాడు. దాంతో చందువల వర్గం పోయి పోయి మలుగుపాముల పక్కన పడింది, రెండింటికీ ఆ రెక్కలు లేవు కాబట్టి. లేకపోవడాన్ని సాక్ష్యంగా తీసుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. అదే గ్రంథంలో తిమింగిలాలను చేపల్లోంచి తీసి పాలిచ్చే జంతువుల్లో చేర్చిన గొప్ప పని కూడా ఉంది. సొరలను, టేకు చేపలను మాత్రం ఊపిరితిత్తులున్నాయని పొరబడి కప్పలూ పాములూ ఉన్న తరగతిలో పెట్టాడు.

ఉన్న లక్షణం, అదీ మరెక్కడా కనిపించని చిత్రమైన లక్షణం పంచుకోవడం చుట్టరికానికి గట్టి రుజువు. అలాంటిది శీలావతి తల వెనకాల ఉంది. మెడ దగ్గర మొదటి వెన్నుపూసల పక్కన కండను జాగ్రత్తగా తొలగిస్తే, ఇటు నాలుగు అటు నాలుగు చిన్న ఎముకలు వరసగా కనిపిస్తాయి. వెనకదే అన్నిటిలోకీ పెద్దది. దాని వంగిన కొస గాలితిత్తి ముందు గది గోడకు ఆని ఉంటుంది. అన్నిటికన్నా ముందున్న చిన్న ఎముకలు లోచెవి ద్రవానికి చేరువలో ఉంటాయి. నీటిలో శబ్దం వస్తే గాలితిత్తి అదురుతుంది, ఆ అదురు ఈ ఎముకల వరస మీదుగా చెవికి చేరుతుంది. ఇవి వెన్నుపూసల భాగాలే, వాటి పని మారింది. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ వేబర్ 1820లో వీటిని వర్ణించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఈ అమరిక శీలావతిలో ఉంది, బొచ్చెలో ఉంది, పొలుసులే లేకుండా మీసాలతో తిరిగే జెల్లల్లోనూ ఉంది. పైకి చూస్తే శీలావతికీ జెల్లకూ పోలికే లేదు. ఒకదానికి ఒంటి నిండా పొలుసు, ఇంకోదానికి నున్నని తోలు. అయినా ఇంత మెలికలు తిరిగిన యంత్రం రెండుసార్లు విడివిడిగా, అవే పూసల నుంచి, అదే వరసలో తయారైందనడం కుదరదు.

ఇప్పుడు ఆ యంత్రాన్ని పట్టుకుని సముద్రానికి వెళ్దాం. కోస్తా రేవుల్లో దొరికే సముద్రపు జెల్లలు పుట్టినప్పటి నుంచీ ఉప్పునీటి దగ్గరే బతుకుతాయి. వాటిలో మగది, సెంటీమీటరు పైన అడ్డుకొలత ఉండే గుడ్లను నోట్లో పెట్టుకుని, పిల్లలయ్యేదాకా మేత కూడా మాని మోస్తుంది. ఈ చేప మెడ విప్పితే అక్కడా వేబర్ ఎముకలున్నాయి. అంటే సముద్రంలో తిరుగుతున్నా ఇది వంజరానికి చుట్టం కాదు, కావేరిపాక్కం చెరువు అడుగున బురదలో తిరిగే జెల్లకు చుట్టం. ఈ ఎముకలున్న వేలాది జాతుల్లో అత్యధిక భాగం మంచినీటివే. సముద్రంలోకి వెళ్లిన జెల్లలు రెండు కుటుంబాలకు మించి లేవు. కాబట్టి సముద్రపు జెల్ల పూర్వీకులు నదుల నుంచి అటు వెళ్లారని, కొర్రమీను, జిలేబి చేపలు పుట్టిన పెద్ద శాఖలో మాత్రం అత్యధికులు సముద్రవాసులని తెలుస్తుంది. దారి రెండు వైపులా తెరిచే ఉంది, రెండు వైపులా రాకపోకలు జరిగాయి.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. ఉప్పునీటిలో బతకడం చిన్న సంగతి కాదు కదా, ఒళ్లంతా దానికి తగ్గట్టు మారాలి, అలాంటప్పుడు నివాసాన్ని పైపై లక్షణం అని ఎలా కొట్టిపారేస్తాం అని. ఉప్పు సమస్య నిజమే. వంజరం ఒంట్లోని ద్రవాల కన్నా సముద్రం దాదాపు మూడు రెట్లు ఉప్పన. ఒంట్లోని నీరు నిరంతరం బయటికి పోతుంటుంది. అందుకని అది సముద్రపు నీటినే తాగి, అదనపు ఉప్పును మొప్పల్లోని ప్రత్యేక కణాల ద్వారా బయటికి తోసేస్తుంది. చెరువులోని శీలావతికి సమస్య తిరగబడి వస్తుంది. నీరు దానంతటదే లోపలికి చొరబడుతుంది, అది పలుచని మూత్రం విస్తారంగా విసర్జిస్తూ, మొప్పల కణాలతోనే నీటిలోని కొద్దిపాటి ఉప్పును లోపలికి లాక్కుంటుంది. రెండు పనులూ ఎదురెదురు. కానీ చేసేది ఆ మొప్పల కణాలే, మారేది అవి ఉప్పును నడిపే దిశ. పండుగప్ప నదీముఖాల దగ్గర పుట్టి మంచినీటిలోకి వెళ్లి పెరిగి, గుడ్లకు మళ్లీ ఉప్పునీటి వైపు వస్తుంది. పులస సముద్రంలో పెరిగి వరద గోదావరికి ఎదురెక్కుతుంది. మలుగుపాము ఏళ్ల తరబడి నదుల్లో, చెరువుల్లో ఉండి గుడ్లు పెట్టడానికి సముద్రానికి పోతుంది. ఒక్క జన్మలో ఒకే చేప మార్చుకోగలిగిన లక్షణం, కోట్ల ఏళ్ల వంశానికి గుర్తు కాలేదు. పైగా వంజరం రక్తం, శీలావతి రక్తం తీసి ఉప్పదనం పోలిస్తే రెండూ ఇంచుమించు దగ్గరగానే ఉంటాయి. వేరుగా ఉండేది సముద్రంలోనే ఉన్న సొర రక్తం.

సొర దగ్గర కాసేపు ఆగక తప్పదు, ఎందుకంటే సముద్రపు చేప అన్న ఒక్క మాట దాని దగ్గరే ముక్కలవుతుంది. సొరలో అసలు ఎముకే లేదు, అస్థిపంజరమంతా మృదులాస్థి. మొప్పల మీద మూత లేదు, మెడ పక్కన ఐదేసి చీలికలు బయటికే కనిపిస్తాయి. గాలితిత్తి లేదు, దాని బదులు నూనెతో నిండిన పెద్ద కాలేయం ఒంటిని తేలిక చేస్తుంది. తోలు మీద గరుకుగా తగిలేవి మామూలు పొలుసులు కావు. ఒక్కొక్కటీ లోపల గుజ్జు, దాని చుట్టూ దంతధాతువు, పైన గట్టి పూత ఉన్న బుల్లి పన్ను. ఉప్పు సమస్యకు సొర పూర్తిగా వేరే ఉపాయం పట్టింది. మన ఒళ్లు విషమని బయటికి పంపే యూరియాను రక్తంలో నిలవ ఉంచుకుని, తన ఒంటిని సముద్రమంత చిక్కగా చేసుకుంది. అందుకే నీరు బయటికి పోదు. బాలింతలకు సొరపుట్టు వండే ఇళ్లలో అందరికీ తెలిసిన ఘాటైన వాసన దీనిదే. చేప చచ్చాక సూక్ష్మజీవులు ఆ యూరియాను అమ్మోనియాగా మారుస్తాయి, ఉడికించి పిండి చేసే వంట పద్ధతి ఆ వాసనను తగ్గిస్తుంది. ఎముకల చేపలూ మృదులాస్థి చేపలూ విడిపోయి 40 కోట్ల ఏళ్లు దాటింది. ఆ తర్వాత ఎముకల చేపల్లో ఒక శాఖ నుంచి నేల మీది జంతువులు వచ్చాయి. కాబట్టి వంజరం సొరకన్నా మనిషికే దగ్గరి చుట్టం. ఇది మాటల గారడీ కాదు, ఎముక, గాలితిత్తి, దానితో మూలం పంచుకున్న ఊపిరితిత్తి చెప్పే సంగతి. చేప అనేది నీటిలో మొప్పలతో బతికే ఒక పద్ధతికి పేరు, ఒక వంశానికి పేరు కాదు.

ఇంతవరకూ చెప్పినదాన్ని బట్టి, చుట్టరికం పండితులకే తెలుస్తుంది, చేపలు పట్టేవాళ్లకు పైరూపం తప్ప పట్టదు అనుకుంటే అది పెద్ద తప్పు. ఈ విషయంలో మన కోస్తా దగ్గర ప్రపంచానికే సాక్ష్యం ఉంది. స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1781లో విశాఖపట్నం వచ్చి, తర్వాత ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి పరిశోధకుడయ్యాడు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఉన్న పేరు ఆయనదే. ఆయన విశాఖ రేవులో సేకరించిన 200 చేపల వర్ణనలు, బొమ్మలు 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా వచ్చాయి. వాటికి రస్సెల్ లాటిన్ పేర్ల కోసం తంటాలు పడకుండా, అక్కడి మత్స్యకారులు చెప్పిన తెలుగు పేర్లనే బొమ్మల కింద వేశాడు. తర్వాత పారిస్‌లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే ఆ పుస్తకాన్ని ముందు పెట్టుకుని చేపలకు శాస్త్రనామాలు ఇచ్చాడు. మన కానాగుర్త శాస్త్రనామం నేటికీ రాస్ట్రెల్లిగర్ కానాగుర్తా, అందులో రెండో మాట 1816లో కువియే పెట్టినది. హిల్సా కీలీ అన్న పేరులోని రెండో మాట కూడా రస్సెల్ బొమ్మ కింది పేరే. పులసకు కువియే పలాసా అని పెట్టిన పేరు తర్వాత పక్కకు పోయింది గాని, ఈరెగూడి టెంకి అన్న కొమ్ముల టేకు చేప పేరు మోబులా ఎరెగూడూగా ఇప్పటికీ చెలామణిలో ఉంది.

నాకు రస్సెల్ పుస్తకంలో పేర్ల కన్నా పేర్ల కట్టుబడి ముఖ్యం. పాల సొర, కొమ్ము సొర. నల్ల చందువ, తెల్ల చందువ. పారల్లో ఒకటి తలంపార. ప్రతిచోటా ఒక వర్గం పేరు, దానికి ఒక విశేషణం. లిన్నేయస్ ప్రజాతి, జాతి అని రెండు మాటల పేర్లు స్థిరపరచక ముందు నుంచీ జాలర్లు ఇదే పద్ధతిలో ఉన్నారు. వాళ్ల వర్గాలు చాలావరకు సరైనవి కూడా. తల సుత్తిలా అటూ ఇటూ సాగిన కొమ్ము సొరను చూసి వింత జంతువు అనుకోకుండా సొరల్లోనే చేర్చారు. మొప్ప చీలికలు, గరుకు తోలు, ముల్లు లేని ఒళ్లు వాళ్ల చేతులకు తెలుసు. సొరలను ఎముకల చేపలతో కలపలేదు, లిన్నేయస్‌లా కప్పలతోనూ కలపలేదు. రోజూ వలలోంచి తీసి, కోసి, ఎండబెట్టే చేతికి చేప లోపలి సంగతి కొంత తెలుస్తుంది.

అలాంటి చేతులు కూడా పొరబడ్డ చోటే చందువ. పళ్లెంలా గుండ్రంగా, బల్లపరుపుగా ఉండే ఒళ్లు, చిన్న నోరు, పైనా కిందా ఒకేలా వంగిన పొడుగు రెక్కలు, కొడవలి లాంటి తోక: తెల్లదైనా నల్లదైనా ఇదే రూపం. పొట్ట రెక్కలు రెండింటికీ లేవు. జాలర్లే కాదు, బెర్లిన్ పండితుడు బ్లాఖ్ కూడా 1795లో నల్ల చందువను తెల్లదానితో పాటు ఒకే ప్రజాతిలో పెట్టాడు. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన ఒకే వంశం కానట్టే, ఇక్కడా రూపం ఒకటే గాని రక్తం వేరు. కొన్న చేపనే చూస్తే తెలుస్తుంది. తెల్ల చందువకు మొప్ప దగ్గర తెరుచుకునేది చిన్న నిలువు చీలిక, కింది పొర మెడకు అంటుకుని ఉంటుంది. నల్లదానికి మొప్పమూత వెడల్పుగా లేస్తుంది. తోక మొదట్లో ఒంటి పక్క గీత వెంబడి వేలు పెట్టి తోక నుంచి తల వైపు జరిపితే, నల్ల చందువలో గట్టిపడ్డ పొలుసులు గరగరా తగులుతాయి. తెల్లదానిలో ఆ చోటు నున్నగా ఉంటుంది. ఆ గట్టి పొలుసుల వరస పారల కుటుంబం గుర్తు. చాలా పారలను అలాగే తడిమి చూడొచ్చు, కొన్నిటిలో ఇంకా పదునుగా ఉంటుంది. ఇక తెల్ల చందువ గొంతు కోసి చూస్తే, చివరి మొప్ప విల్లు వెనక ఆహారనాళం మొదట్లో అటూ ఇటూ రెండు కండ సంచులు కనిపిస్తాయి. లోపలి గోడ నిండా బొడిపెలు, బొడిపెల మీద బుల్లి పళ్లు. మెత్తని తేలియాడే జీవులను మింగే ముందు అక్కడ నలుపుతుంది. నల్ల చందువ గొంతులో అలాంటి సంచి లేదు.

పొట్ట రెక్కలు లేకపోవడం రెండింటికీ ఉమ్మడే కదా అనొచ్చు. దానికి జవాబు నల్ల చందువ పిల్లలో ఉంది. పిల్లగా ఉన్నప్పుడు దానికి పొట్ట రెక్కలున్నాయి, దాదాపు 10 సెంటీమీటర్లు పెరిగేసరికి అవి పోతాయి. అంటే ఇది రెక్కలున్న పూర్వీకుల నుంచి వచ్చి, తన దారిన తాను వాటిని పోగొట్టుకుంది. తెల్లదాని లోటుకూ దీని లోటుకూ చరిత్ర ఒకటి కాదు. ఇద్దరూ పళ్లెం రూపానికి ఎందుకు వచ్చారన్నది కష్టమైన ప్రశ్న కాదు. వేగంగా తరమడం కన్నా నిలిచి తిరగడం అవసరమైన చేపలకు ఆ ఒళ్లు పనికొస్తుంది, సముద్రంలో ఇంకా ఎన్నో వంశాలు విడివిడిగా అదే రూపానికి చేరాయి. 19వ శతాబ్దపు రెండో సగంలో డచ్ వైద్యుడు బ్లీకర్ నల్లదాన్ని వేరే ప్రజాతిగా విడదీశాడు. ఆ తర్వాత చాలాకాలం అది ఒంటరిగా ఒక కుటుంబంగా ఉండి, చివరికి పారల్లో కలిసింది. డి.ఎన్.ఏ. చదవడం నేర్చుకోక ముందే శరీర నిర్మాణం దాన్ని పారల గడప దాకా తెచ్చింది.

డి.ఎన్.ఏ. వచ్చాక కథ ఇంకా దూరం వెళ్లింది. 2013లో జపాన్‌కు చెందిన మసాకి మియా బృందం, బహిరంగ సముద్రంలో తిరిగే పలు కుటుంబాల జన్యువులను పోల్చి, తెల్ల చందువల కుటుంబం, వంజరం, కానాగుర్త, ట్యూనాల కుటుంబం, రిబ్బను లాంటి సావడాయిల కుటుంబం ఒకే కొమ్మ మీద ఉన్నాయని చూపింది. రూపాన్ని చూసి వీటిని ఒక్కచోట చేర్చడం కష్టం, ఎందుకంటే గుండ్రని చందువకూ బారెడు సావడాయికీ రూపంలో సాపత్యం లేదు. పారల కుటుంబం ఈ కొమ్మ మీద లేదు. ఇతర బృందాలు గీసిన వంశవృక్షాల్లో పారలు నాలుక చేపలతో, పండుగప్పతో, జెండా లాంటి వెన్ను రెక్క ఉన్న కొమ్ముకోనాలతో కలిసి వేరే కొమ్మ మీద కూర్చున్నాయి. ఆ కొమ్మకు పక్క కొమ్మ మీద గాలి పీల్చే మంచినీటి చేపలున్నాయి, కొర్రమీను వాటిలోదే. జిలేబి చేప కొమ్మ కూడా వాటికి దగ్గర్లోనే ఉంది. తెల్ల చందువ కొమ్మ అంతకు చాలా ముందే విడిపోయింది. శీలావతి, జెల్ల, పులసలున్న శాఖ అయితే 20 కోట్ల ఏళ్లకు పైగా క్రితమే వేరైపోయింది. నేను మొదట్లో అన్న మాటకు ఆధారం ఇది.

అలాంటప్పుడు ఇక చేపను కోసి చూడటం దేనికి, జన్యువు చదివితే సరిపోదా అనే వాదం ఇప్పుడు బలంగా వినిపిస్తోంది. నేను దాన్ని ఒప్పుకోను. రాళ్లలో దొరికే చేపలకు డి.ఎన్.ఏ. ఉండదు, ఎముకే ఉంటుంది, కోట్ల ఏళ్ల లెక్కలన్నీ ఆ ఎముకలకు కట్టి వేసినవే. రెండో సంగతి, జన్యు వృక్షం ఎవరు ఎవరికి దగ్గరో చెబుతుంది గాని, వెన్నుపూస చెవి ఎముకగా ఎలా మారిందో చెప్పదు. ఇంకా చెప్పాలంటే, శరీర నిర్మాణాన్ని సరిగ్గా చదివినచోట అది జన్యువుతో గొడవపడలేదు. కొర్రమీను రెక్కల్లో గట్టి ముళ్లు లేవు. పైరూపాన్ని నమ్మితే దాన్ని శీలావతి పక్కన పెట్టాలి. కానీ కువియే మొప్పల పైన తలలో దాగిన గాలి గదిని చూసి, గట్టి ముళ్లున్న చేపల వర్గంలోనే, చెట్టెక్కుతుందని పేరున్న గొరక చేప పక్కన పెట్టాడు. జన్యు పరిశోధన ఆ రెంటినీ నేటికీ పక్కపక్కనే ఉంచింది. లిన్నేయస్ ఓడింది శరీర నిర్మాణం నమ్మినందుకు కాదు, అందులో ఒక్క ముక్కనే నమ్మినందుకు.

వీటన్నిటితో మార్కెట్‌కు పనేమిటి, వవ్వాలు వవ్వాలే కదా అన్నది చివరి అభ్యంతరం. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ పేరు మార్చుకోనక్కర్లేదు, వాళ్లు తెల్లదానికీ నల్లదానికీ వేర్వేరు ధర కడుతూనే ఉన్నారు. కానీ సముద్రంలో ఎంత చేప మిగిలిందో లెక్కగట్టేవాళ్లకు ఇది పట్టాలి. పాంఫ్రెట్ అన్న ఒకే శీర్షిక కింద రెండింటినీ కలిపి మొత్తం చూస్తే, ఒకటి తగ్గుతూ ఇంకోటి పెరిగినా అంకె నిలకడగానే కనిపిస్తుంది. మేత వేరు, గొంతు వేరు, వంశం వేరు అయిన రెండు జంతువులకు గుడ్లు పెట్టే కాలం, పిల్లలు పెరిగే చోటు, వల కన్ను కొలత ఒకటే సరిపోతాయని అనుకోవడానికి ఆధారం లేదు. తెల్ల చందువలోనూ పని మిగిలే ఉంది. మన తీరంలో దొరికే దాన్ని చాలాకాలం తూర్పు ఆసియా జాతిగానే రాసుకున్నారు. ఈమధ్య భారతీయ శాస్త్రజ్ఞులు వెన్నుపూసలు, రెక్కల కిరణాలు, జన్యువులు పోల్చి, ఇది వేరే జాతి అని తేల్చి, కువియే కాలం నాటి కాండిడస్ అన్న పేరును దానికి తిరిగి ఇచ్చారు. ఇక చందువ, వంజరం, సావడాయి మూడింటి ఒంట్లోనూ ఉండి మిగతా చేపల్లో లేని ఉమ్మడి గుర్తు ఏమిటన్న ప్రశ్న ఉంది. వేబర్ ఎముకలంత స్పష్టమైనది ఆ కొమ్మకు ఇంకా దొరకలేదు. వెతకాల్సింది బహుశా మొప్పల విల్లుల దగ్గర, పుర్రె వెనక కండరాలు అతుక్కునే చోట, గుడ్డులోంచి అప్పుడే బయటపడ్డ పిల్లల ఎముకల్లో.